అంబాసిడర్, పద్మిని: వాహన విచారం

‘వహ్’ ధాతువు నుండి జనించిన శబ్దం వాహనం. వహించేదే వాహనం. అమెరికాలో స్థిరపడిన మా మేనల్లుడు పాతకాలపు కారు ఒకటి కొని, చిత్తూరులోని తన ఇంట భద్రపరచదలచి, అంబాసిడర్ మేలా, పద్మిని మేలా అని నన్ను అడిగాడు. అక్కడివారు ముస్టాంగ్‌నూ కమారోనూ పోల్చినట్లే, ఇతడూ సామర్థ్యమెంత, సంగ్రహయోగ్యత ఎంత అని లెక్కిస్తున్నాడు.

మా ప్రాంతంలో సామర్థ్యానికి తిరుమల ఘాట్ రోడ్డే నికషోపలం. 1944లో మొదటి మార్గం, 1974లో రెండవది ఏర్పడ్డాయి. మారిస్ ఆక్స్‌ఫర్డ్ వంశానికి చెందిన అంబాసిడర్ గురుకాయం; చిరకాలం దానిది 1489 సీసీ ఇంజను. ఫియట్ 1100 సంతతియైన పద్మినిది 1089 సీసీ, లఘుకాయం. ఒకరిద్దరితో కొండ ఎక్కేటప్పుడు పద్మినిది చురుకుదనం. తాతలు, మనుమలు, మూటలతో సహా ఎక్కినప్పుడు అంబాసిడర్‌ది ధైర్యం. మలుపుల వద్ద ఆగి, రేడియేటరుకు నీళ్లు పోయించుకోవడంలో రెండూ సమానమే.

శ్రీసూక్తంలో లక్ష్మీపరంగా వినవచ్చే నామం పద్మిని. అందుచేత ఆయుధపూజ నాడు ఆ కారుకు కుంకుమ పెట్టేటప్పుడు నాకు విశేషప్రీతి కలిగేది. ఉత్పత్తి ముందే ఆగిపోయింది కనుక సంగ్రహదృష్టితో పద్మినిదే పైచేయి అనవచ్చు. అంబాసిడర్ 2014 వరకు తయారైంది.

అయితే సంగ్రహంలో ఒక సూక్ష్మం ఉంది. 2021 నాటి కేంద్ర నిబంధనల మేరకు, తొలి రిజిస్ట్రేషన్ నుండి 50 ఏళ్లు నిండి, మూలరూపం చెడని కారుకు వింటేజ్ గుర్తింపు లభిస్తుంది. కానీ ఆ గుర్తింపు పొందిన కారును నిత్యం వాడరాదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతులు వంటి వాటికే రోడ్డెక్కించాలి. గౌరవం దక్కిన నాడే వహనధర్మం లోపిస్తుందన్నమాట.

తిరుమల బ్రహ్మోత్సవాలలో పెద్దశేషుడు మొదలుకొని అశ్వం వరకు వాహనాలు స్వామిని వహిస్తాయి. తక్కిన దినాలలో వాటిని జాగ్రత్తగా కాపాడేదీ ఆ సేవ కోసమే. అక్కడ రక్షణ సాధనం, వహనం సాధ్యం. శరీరాన్ని రథంగా, ఆత్మను రథిగా నిరూపించిన కఠోపనిషత్తు కూడా రథి గమ్యాన్నే ప్రధానం చేసింది గాని రథం మెరుపును కాదు.

మేనల్లుడి తల్లి, మా అక్కయ్య, చిత్తూరులో ఒంటరిగా ఉంటుంది. మోకాళ్ల నొప్పితో బస్సు మెట్లెక్కలేక కాణిపాకం దర్శనం మానుకొని రెండేళ్లయింది. అంబాసిడర్ ఆసనం ఎత్తుగా ఉంటుంది. వృద్ధులు వంగకుండానే కూర్చోగలరు. అందుచేత, ఇంకా రోడ్డుపై తిరగదగిన అంబాసిడర్‌నే కొని, ఫిట్‌నెస్ చేయించి, రిజిస్ట్రేషన్ పునరుద్ధరించి, నమ్మకమైన డ్రైవరును కుదర్చమని అతనికి వ్రాశాను. మొదటి ప్రయాణం కాణిపాకానికే కావాలని కూడా చేర్చాను.