భావనపాడు ఇసుక, వరంగల్ జంపఖానా

నౌపడ ఉప్పు మడులు దాటి భావనపాడు చేరేసరికి గాలి రుచి మారిపోతుంది. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలానికి చెందిన ఈ మత్స్యకార గ్రామం బంగాళాఖాతపు అంచున ఉంది. దగ్గరలోని తేలినీలాపురానికి ఏటా దూరదేశాల పక్షులు వచ్చి పిల్లల్ని పొదుగుతాయి. ఈ తీరపు యువకులు మాత్రం బతుకుతెరువు కోసం గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్ళి పరాయి పడవల మీద వేట చేస్తారు. మొదట భావనపాడు పేరుతో తలపెట్టిన ఓడరేవుకు 2023 ఏప్రిల్ 19న పక్కనే మూలపేటలో శంకుస్థాపన జరిగింది. ఆ పనుల సందడి ఒకవైపు, ఒడ్డున వలలు బాగుచేసుకునే వారి నిశ్శబ్దం మరొకవైపు. మేము మూడు కుటుంబాల వాళ్ళం పిల్లాపాపలతో అక్కడికి వెళ్ళింది సెలవు రోజు గడపడానికే. అసర్ వేళ అయింది. సముద్రానికి వీపు పెట్టి, ఖిబ్లా వైపు ఇసుక మీద పాత చారల జంపఖానా పరచి నమాజు చేసుకున్నాము.

నమాజు ముగించి జంపఖానా దులుపుతుంటే, దగ్గర్లో వల అల్లుతున్న పెద్దాయన ఒకరు నవ్వారు. "మంచిదే తెచ్చారు బాబూ. బొచ్చు తివాచీ అయితే ఇసక తినేస్తాది. ఇదైతే దులిపేస్తే సాలు" అన్నారు. తమ ఇంట్లోనూ అలాంటిదే ఒకటి ఉందనీ, తుఫానుకు తడిసి ముద్దయినా రెండు ఎండలకు ఆరి మళ్ళీ మామూలైందనీ చెప్పారు. ఈ తీరంలో తుఫాను అంటే 2018 అక్టోబరు నాటి తిత్లీయే ముందుగా గుర్తుకు వస్తుంది. ఆ నెల 11న అది పలాస దగ్గర తీరం దాటింది.

ఆయన మాటలో ఒక నేత రహస్యమే ఉంది. తివాచీకి బొచ్చు ఉంటుంది. పడుగు పోగులకు ముళ్ళు వేసి, కొసలు కత్తిరించి నిలబెడతారు. జంపఖానాకు బొచ్చు లేదు, ముడి లేదు. పడుగు, పేక తప్ప మూడో నూలు అందులో ఉండదు. కనుక ఇసుక దాగే చోటు లేదు, తేమ నిలిచే లోతు లేదు. అడుగు, పై అనే తేడా కూడా ఉండదు. ఒకవైపు మాసితే తిప్పి పరచుకోవచ్చు. మన ఇళ్ళలో పెద్దలు దీనిని షత్రంజీ అంటారు. ఉత్తరాది వారికి ఇది దరీ. పెళ్ళి పందిట్లో, జనాజా ఇంట్లో, పల్లె పంచాయితీలో, ఇజ్తిమా మైదానంలో అందరి కిందా ఒకేలా పరచుకునేది ఇదే.

పరుపు ఎంత సాదాగా ఉన్నా సజ్దాకు లోటు లేదన్నది మన ధర్మంలో తొలినాళ్ళ నుంచీ ఉన్న మాట. హజ్రత్ అనస్ (రజి) అవ్వగారు ములైకా (రజి) దైవప్రవక్త (స)ను భోజనానికి పిలిచిన సంఘటన బుఖారీలో ఉంది. భోజనం అయ్యాక ప్రవక్త (స) వారికి నమాజు చేయిస్తానన్నారు. అనస్ (రజి) ఇంట్లో ఉన్నది వాడి వాడి నల్లబడిన ఒక చాప మాత్రమే. దాని మీద నీళ్ళు చిలకరించి పరిచారు. ప్రవక్త (స) వెనుక అనస్, ఒక అనాథ బాలుడు నిలిచారు. వారి వెనుక ఆ ముసలమ్మ. ఖర్జూరపు ఆకులతో అల్లిన చిన్న చాప మీద కూడా ఆయన (స) సజ్దా చేసినట్లు హదీసులు చెబుతున్నాయి.

ఇదంతా మాకు ఎందుకు పట్టిందంటే, మా మొహల్లా మస్జిద్‌లో ఆ రోజుల్లోనే ఒక చర్చ నడుస్తోంది. పాత జంపఖానాలు చిరిగిపోయాయి. కొత్తగా ఏమి పరచాలి? మెత్తని యంత్రపు తివాచీ వేద్దామని కొందరు. ధర తక్కువ, చూపుకు అందం, ఒక్క రోజులో వచ్చి పరిచి వెళ్తారు. తీరప్రాంతపు తేమకు అది వాసన కొడుతుందని, ఎత్తి ఎండబెట్టడం ఎవరివల్లా కాదని మరికొందరు. భావనపాడు నుంచి తిరిగి వచ్చాక కమిటీ మమ్మల్నే అడిగింది: నేసే చోటికి వెళ్ళి కనుక్కుని రండి, ఆ తర్వాత తేలుద్దాం. అలా మేము పలాసలో రైలెక్కి వరంగల్ బయలుదేరాము.

దారిలో ఏలూరు వచ్చింది. అక్కడి ఉన్ని తివాచీలకు పెద్ద పేరు. పర్షియా నుంచి వచ్చిన ముస్లిం పనివారి వంశీకులు ఆ విద్యను నిలబెట్టారని చెప్పుకుంటారు. అది ముళ్ళ తివాచీల ఊరు. మేము వెతుకుతున్న చదునైన నేత వరంగల్ కొత్తవాడలో ఉంది.

కొత్తవాడ సందుల్లోకి అడుగుపెట్టగానే వినబడేది మగ్గం చప్పుడు. 17వ శతాబ్దంలో మొగలు సైన్యాలు దక్కనుకు దిగినప్పుడు వాటి వెంట వచ్చిన పనివారి వల్ల ఈ నేత ఇక్కడ స్థిరపడిందని స్థానికంగా చెబుతారు. వరంగల్ తివాచీలు 1851లో లండన్ మహా ప్రదర్శనకు వెళ్ళాయి. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, 1934లో ఆయన పెద్ద కుమారుడి పేరిట ఆజంజాహీ మిల్లు వెలిసింది. నూలు, గుడ్డ, వేలాది కుటుంబాలకు జీతం దాని పుణ్యమే. ఆ మిల్లు మూతపడినా మగ్గాలు పూర్తిగా ఆగలేదు. 2018లో వరంగల్ జంపఖానాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. నేడు నేసేవారిలో ఎక్కువమంది పద్మశాలి కుటుంబాల వారు. వారు నేసిన దాని మీద మనం సజ్దా చేస్తాము. ఈ బంధం తరాల నాటిది; దాని గురించి మనలో ఎవరూ అంతగా మాట్లాడుకోకపోవడమే విచిత్రం.

మేము చూసిన ఇంట్లో పని రంగుతో మొదలైంది. ముతక నూలు లడీలు మరుగుతున్న రంగునీటిలో మునిగి తేలుతున్నాయి. రెండు కర్రల మధ్య లడీని తిప్పుతూ ఉండాలి. ఒక్క నిమిషం ఏమరితే రంగు మచ్చలుగా పడుతుంది. తర్వాత పిండి, నీడలో ఆరబెడతారు. ఈ నూలు మిల్లుల నుంచి వస్తుంది. ఒకప్పుడు దూది ఏకడం కూడా చేతి పనే. మన నూర్‌బాషా కుటుంబాలకు దూదేకుల అన్న పేరు తెచ్చింది ఆ విల్లే. మా జిల్లాలోని పొందూరులో ఖద్దరు కోసం దూదిని వాలుగ చేప దవడ ఎముకతో శుభ్రం చేస్తారు. చేప పంటి నుంచి నూలు దాకా సాగిన ఆ తెలివిని చూసినవారికి ఏ పనిముట్టూ చిన్నది కాదనిపిస్తుంది.

ఆరిన నూలులో కొంత పడుగుకు, ఎక్కువ భాగం పేకకు పోతుంది. పడుగు పోగులు గట్టిగా ఉండాలి. వాటిని బిగువుగా, సమంగా మగ్గానికి ఎక్కించడానికే ఇద్దరు ముగ్గురి శ్రమ కావాలి. ఒక్క పోగు వదులైనా, నేసిన తర్వాత జంపఖానా నేల మీద చదునుగా కూర్చోదు. ఒక మూల లేచి నిలుస్తుంది. పేక నూలును అనేక పోగులు కలిపి లావుగా చేసి కండెలకు చుడతారు. ఈ పని ఎక్కువగా ఇంటి ఆడవారిది. కూర ఉడుకుతుంటే ఒక చెయ్యి పొయ్యి మీద, ఒక చెయ్యి రాట్నం మీద. నేతగాడి పేరు చెప్పుకుంటాము గానీ, కండె చుట్టే చెయ్యి ఆగిన రోజున మగ్గం కూడా ఆగుతుంది.

నేతగాడు గుంటలో కాళ్ళు వేలాడేసి కూర్చుని చెక్కలు తొక్కుతాడు. పడుగు సగం పైకి, సగం కిందికి విడిపోతుంది. ఆ సందులోంచి నాడె దూసుకుపోతుంది. వట్టి చారల జంపఖానా అయితే నాడెలో రంగు మార్చుకుంటూ పోతే సరి, నేత చకచకా సాగుతుంది. బొమ్మ కావాలంటే నాడె పనికిరాదు. ప్రతి రంగుకూ ఒక చిన్న నూలు ఉండ ఉంటుంది. ఆ రంగు ఎంత మేర కావాలో అంతవరకే వేళ్ళతో పడుగులోకి దూర్చి, పక్క రంగుతో మెలిక వేసి, మళ్ళీ వెనక్కి తిప్పాలి. వెడల్పాటి దానికి ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. ఒకరి వరస ముందుకు పోయి మరొకరిది వెనకబడితే నేత వంకర పోతుంది. కాబట్టి ఒకరి చేతి వేగానికి మరొకరు తగ్గాలి. మేము చూసిన ఇద్దరూ అన్నదమ్ములు. గంటసేపట్లో వారు మాట్లాడుకున్నది నాలుగు మాటలు.

తర్వాత పంజా. ఇది ఇనుప పళ్ళున్న బరువైన దువ్వెన, చేతి పంజాలాగే ఉంటుంది. పేక పోగు పడిన ప్రతిసారీ దీనితో గట్టిగా కిందికి కొడతారు. ఆ దెబ్బకు పేక దట్టంగా దిగి పడుగును పూర్తిగా కప్పేస్తుంది. మనకు కనిపించే రంగులన్నీ పేకవే. బరువంతా మోసే పడుగు చివర కుచ్చులుగా బయటపడే వరకూ ఎక్కడా కనబడదు. జంపఖానా మన్నిక ఈ దెబ్బల్లోనే ఉంది. బేరమాడి ధర తగ్గించుకుంటే తగ్గేది కూడా ఈ దెబ్బలే. కొత్తలో తేడా తెలియదు, రెండేళ్ళకు తెలుస్తుంది.

తుర్కీ, ఇరాన్ ప్రాంతాల కిలీమ్ కూడా జంపఖానాకు బంధువే, అదీ చదునైన నేతే. అయితే అక్కడ చాలాచోట్ల రెండు రంగులు కలిసే హద్దు దగ్గర మెలిక వేయరు. ప్రతి రంగూ తన హద్దులోంచి తాను వెనక్కి మళ్ళుతుంది, మధ్యలో సన్నని చీలిక మిగులుతుంది. ఆ చీలికల వల్లనే కిలీమ్ బొమ్మలు అంత పదునుగా కనిపిస్తాయి. కొత్తవాడలో మెలిక వేస్తారు. నూలును ముందే కొలిచి, అక్కడక్కడ దారంతో కట్టి రంగులో ముంచి, తర్వాత నేసే పద్ధతి కూడా ఇక్కడ ఉంది. అందులో బొమ్మ అంచులు కొంచెం చెదిరి, నీటిలో కదిలే నీడలా ఉంటాయి. మాకు నచ్చింది అదే. కానీ మేము వెళ్ళింది మస్జిద్ కోసం.

మస్జిద్‌కు అనగానే పెద్దాయన మగ్గం ఆపారు. "అయితే సఫ్‌కు సఫ్‌కు నడుమ ఎంత జాగ పెట్టాలె? అది ముందు చెప్పున్రి" అన్నారు. వరసలు తిన్నగా నిలవాలని ప్రవక్త (స) ఎంతగా నొక్కి చెప్పారో మనకు తెలుసు. ఆ కొలత ఈ నేతగాడి చేతివేళ్ళకూ తెలుసు. గోడ నుంచి గోడకు సాగే చార ఒకటి వేస్తే చాలు, పిల్లలు కూడా మడమలు కలిపి నిలుస్తారు. మాలో ఒకరు ప్రతి మనిషికీ ఒక మిహ్రాబ్ బొమ్మ, గుంబదు, పూలతీగలు ఉంటే బాగుంటుందన్నారు. మరొకరు హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన సంగతి గుర్తుచేశారు. బొమ్మల అంచున్న ఒక దుప్పటి కప్పుకుని నమాజు చేసినప్పుడు ప్రవక్త (స) చూపు దాని మీదికి పోయింది. నమాజు అయ్యాక దానిని అబూ జహ్మ్ (రజి)కి పంపి, ఆయన దగ్గరి సాదా దుప్పటి తెప్పించుకున్నారు. ఆ మాటతో పూలతీగల చర్చ ముగిసింది. ముదురు ఆకుపచ్చ నేల, తెల్లని చార. పనివారికి బొమ్మల నేతలో దక్కే కూలి ఎక్కువ గనుక వారికి కాస్త నిరాశే అయి ఉండాలి; పైకి చూపలేదు.

ఇంటి మూలన చుట్టి పెట్టిన ఒక పొడవాటి జంపఖానా గురించి మేమే అడిగాము. పెద్దాయన మొదట తప్పించుకున్నారు, తర్వాత చెప్పారు. ఎవరో చెప్పిన కొలతకు నేసినది. నేత సగంలో ఉండగా వారికి యంత్రపు తివాచీ చవగ్గా దొరికింది. బయానా వదిలేసుకుని వెళ్ళిపోయారు. ఆ కొలత మరెక్కడా సరిపోదు. దాన్ని విప్పుతారా అని మా వెంట వచ్చిన పిల్లవాడు అడిగాడు. పంజా దెబ్బ తిన్న నేతను విప్పితే మిగిలేది తెగిన పీచే, నూలు కాదని ఆయన నవ్వారు.

మాకు సూరె నహ్ల్ 92వ ఆయత్ స్ఫురించింది. గట్టిగా వడికిన నూలును తన చేతులతోనే తునాతునకలు చేసుకున్న స్త్రీ ఉపమానం అందులో ఉంది. అది ప్రమాణాలు, ఒప్పందాలు నిలుపుకోవడం గురించిన ఆయత్. ఇంతకాలం దాన్ని మేము వడికిన స్త్రీ తెలివితక్కువతనంగానే చదువుకున్నాము. ఆ ఇంట్లో నిలబడినప్పుడు, మాట తప్పినవాడు పాడుచేసే నూలు చాలాసార్లు ఇతరులదే అవుతుందని అర్థమైంది. ఆ మాట తప్పినది ఏ మతం వారో, ఏ ఊరి వారో ఆయన చెప్పలేదు. మేము అడగలేదు.

ఆ పెద్దాయన కుమారులిద్దరిలో చిన్నవాడు మాత్రమే మగ్గం మీద ఉన్నాడు. మనవడికి నేత రాదు, నేర్పే ఉద్దేశమూ వారికి లేదు. యంత్రపు తివాచీ దారం నూనె గనుల నుంచి పుట్టిన ప్లాస్టిక్. అది ఎంత చవకో, చెయ్యి అంత ఖరీదు. పోటీ ధరతో కాదు, వాడకంతోనే నిలబడాలి. జంపఖానాను ఇద్దరు మనుషులు ఎత్తి మేడ మీద ఆరవేయగలరు, ఉతకగలరు, చిరిగితే కుట్టగలరు. కమిటీకి చెప్పడానికి మేము రాసుకున్న లెక్కలో ఈ మూడూ ఉన్నాయి. ఒకేసారి కాకుండా మూడు విడతలుగా పరిస్తే ఖర్చు భారం కాదన్నది నాలుగోది.

చేతి నేతను గుర్తుపట్టడం ఎలాగని ఇంటివారు అడిగారు గనుక రాస్తున్నాము. తిరగేసి చూడండి, రెండు వైపులా అదే బొమ్మ, అదే రంగు ఉండాలి. చివరి కుచ్చులు పడుగు పోగులే అయి ఉండాలి, విడిగా కుట్టినవి కాకూడదు. కొత్తదాన్ని మొదటిసారి ఉప్పు వేసిన చల్లటి నీళ్ళలో విడిగా ఉతకండి, రంగు వదిలితే అప్పుడే వదులుతుంది. మడత పెట్టడం కంటే చుట్టి పెట్టడం మంచిది.

శ్రామికుని చెమట ఆరకముందే అతని కూలి ఇచ్చివేయమన్నది ఇబ్ను మాజా గ్రంథంలోని ప్రసిద్ధ హదీసు. కమిటీతో ఫోన్‌లో మాట్లాడి, మొదటి విడత వెల సగం అక్కడే ఇచ్చాము; మిగతా సగం మగ్గం దిగిన రోజునే చేరాలని కాగితం మీద రాసి సంతకాలు పెట్టాము. పెద్దాయన ఆ కాగితాన్ని మడిచి గోడ మీది పటం వెనక దోపారు. తర్వాత నాలుగు అడుగుల కొలకర్ర తీసుకుని, పడుగు మీద మొదటి సఫ్ వచ్చే చోట తెల్లదారంతో ఒక ముడి వేశారు.