అంట్ల మిషనూ మేమిద్దరమూ

మూడు వారాలుగా మా ఇంట్లో అంట్లు తోమే మిషన్ మొరాయించింది. పని పూర్తయిందని కూత పెడుతుంది. తీరా తలుపు తీస్తే అడుగున జిడ్డు నీళ్ళు నిలిచి ఉంటాయి. గ్లాసుల మీద తెల్లటి పొర, గిన్నెల అంచులకి మెతుకులు. కంపెనీ వాళ్ళకి ఫోన్ చేస్తే అటునుంచి ఒక అబ్బాయి "ఇంట్లో సార్ ఉన్నారా మేడమ్? ఆయనకి చెప్తాను" అన్నాడు. సార్ ఉన్నారు. కానీ ఆ మిషన్‌లో సబ్బు ఎక్కడ వెయ్యాలో కూడా సార్‌కి తెలీదు. ఫోన్ పెట్టేసి, ఆదివారం పొద్దున్న టార్చిలైటు, పాతగుడ్డ తీసుకుని నేనే దాని ముందు కూర్చున్నాను.

ఈ మిషన్ 2020లో వచ్చింది. మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక మా ఇంట్లో పనిచేసే అక్క రాలేకపోయింది. ఆవిడ ఉండేది ఇదే కృష్ణానగర్‌లో, మాకు రెండు సందుల అవతల. పూటపూటా అంట్లు తోమి నా చేతులు పగిలాయి, రాయాల్సిన వ్యాసాలు ఆగిపోయాయి. ఆంక్షలు సడలాక మిషన్ కొన్నాం. అక్క తిరిగి వచ్చినప్పుడు "ఇక అంట్లు వద్దులే, ఊడ్చి తడిగుడ్డ పెడితే చాలు" అన్నాను. జీతంలో మూడోవంతు తగ్గించాను. పని తగ్గింది కాబట్టి డబ్బు తగ్గింది, లెక్క సరిగ్గానే ఉందనుకున్నాను.

మా పేటలో తెల్లవారుతూనే రోడ్డు మీద రెండు రకాల జనం కనిపిస్తారు. షూటింగు బండ్ల కోసం ఎదురుచూసే జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌బాయ్‌లు ఒకరు. జూబ్లీహిల్స్ ఇళ్ళల్లో పాచిపనికి నడిచివెళ్ళే ఆడవాళ్ళు ఇంకొకరు. అక్క భర్త లైట్‌బాయ్. ఆయనకి షూటింగు లేని రోజుల్లో ఇల్లు నడిచేది ఆవిడ చాకిరీ మీదే. ఇది నాకు తెలుసు. తెలిసే తగ్గించాను.

ముందు ప్లగ్గు పీకాను. కింది అర బయటికి లాగి, నిలిచిన నీళ్ళు గుడ్డతో తోడేశాను. అడుగున ఉన్న జల్లెడ తిప్పి తీస్తే దాని నిండా కరివేపాకు జిగురు. జల్లెడ కింద చిన్న మూత, ఆ మూత కింద నీళ్ళు బయటికి తోసే పంపు రెక్క. వేలితో తిప్పితే కదల్లేదు. టార్చి వేసి చూస్తే చింతగింజ ముక్క! జల్లెడ కడగడానికి తీసినప్పుడు ఎప్పుడో జారినట్టుంది.

ఇంతలో అక్క వచ్చింది. చీపురు పక్కనపెట్టి నా పక్కనే కూర్చుంది. నీళ్ళు చిమ్మే రెక్కల చిల్లులు చూసి, గాజుకి తగిలించుకున్న పిన్నీసు తీసి పొడవడం మొదలుపెట్టింది. ఆవగింజలు, సున్నం పెచ్చులు రాలాయి.

"బోరు నీళ్ళు మేడమ్. మా బకెట్లకీ ఇట్టాగే పట్టుద్ది. నిమ్మ ఉప్పు వేస్తే వదిలిద్ది" అంది.

కంపెనీ వాళ్ళ పుస్తకం తెరిస్తే అందులోనూ అదే గోల. నీళ్ళలోని సున్నాన్ని పట్టి ఉంచే గుళికలు మిషన్ లోపల ఉంటాయి. వాటిని కడిగి మళ్ళీ పనికొచ్చేలా చేసేది ఉప్పునీళ్ళు. ఆ ప్రత్యేకమైన ఉప్పు పొయ్యక నెలలు దాటింది. ఉప్పు పోసి, నిమ్మ ఉప్పు వేసి, ఖాళీ మిషన్‌ని వేడినీళ్ళతో ఒకసారి తిప్పాం. నీళ్ళు గలగలా దిగిపోయాయి. ఇద్దరం నవ్వుకున్నాం.

అప్పుడు అడిగింది ఆవిడ. "బాగయింది గదా, రేపట్నుంచి అంట్లు నావి కాదు. మరి ఈ మూడు వారాలవి నెలాఖరికి కలుపుతారా?"

నాకు నోట మాట రాలేదు. మిషన్ చెడిన మర్నాటి నుంచీ నేను ఏమీ అనకుండా అంట్లు సింకులో వేశాను, ఆవిడా ఏమీ అనకుండా తోమింది. పని తగ్గినప్పుడు పనిచేసిన నా లెక్క, పని పెరిగినప్పుడు పనిచెయ్యలేదన్నమాట.

అంట్ల మిషన్‌కి 1886లో పేటెంటు తీసుకున్నది జోసెఫిన్ కాక్రేన్ అనే అమెరికన్ స్త్రీ. భర్త అప్పులు మిగిల్చి చనిపోతే పట్టుదలగా పూర్తిచేసి, 1893 చికాగో ప్రదర్శనలో పెట్టింది. ఆ కథ నేను క్లాసుల్లో గర్వంగా చెప్పేదాన్ని. కానీ ఆవిడకి మొదట ఆ ఆలోచన వచ్చింది పనివాళ్ళ చేతుల్లో తన పింగాణీ పళ్ళాలు పెచ్చులూడుతున్నాయని. ఆ చేతుల గురించి కాదు. ఇంటి యంత్రాలు ఇల్లాలి చాకిరీని నిజంగా తగ్గించలేదని రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లోనే పుస్తకం రాసింది. దాన్ని నా గురించే అనుకుని చదివాను. అక్క గురించి కూడా చదవాల్సింది. ఇంటిపనివాళ్ళకి గౌరవప్రదమైన పని ఉండాలని 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడిక చేసింది. మన దేశం దాన్ని ఇప్పటికీ ధ్రువీకరించలేదు. సభల్లో ఈ మాట అడిగినదాన్ని, మా వంటింట్లో నేను ధ్రువీకరించిందేమిటి?

నెలాఖరికి మూడు వారాల డబ్బిచ్చాను. తగ్గించిన మూడోవంతు కూడా ఇకనుంచి కలుపుతానన్నాను. ఆవిడ నోట్లు లెక్కపెట్టుకుని "ఇన్నాళ్ళవీ పోయినయి పోయినయిలెండి" అంది.

ఆ రాత్రి కాగితం మీద ఆ పోయినవెన్నో లెక్క వేశాను. ఆ మొత్తం మిషన్ ఖరీదు దాటింది. ఎలా తిరిగివ్వాలో ఆవిడనే అడగాలి. ఇంకా అడగలేదు.