మాలదీవుల యాత్రలో నొక యవాంతరము

మన దేశమునకు నైరుతి దిక్కున, హిందూమహాసముద్రమునందు, తెగిన ముత్యాలపేరు వలె ఉత్తరమునుండి దక్షిణమునకు పఱచుకొనియున్న చిన్నచిన్న దీవుల సముదాయమునకు మాలదీవులని పేరు. దీవులు సుమారు 1,200 గలవు గాని జనులు కాపురముండునవి 200కు మించవు. వలయాకారముగ నేర్పడిన పగడపు దిబ్బలకు లోపల నిశ్చలమగు నీటిమడుగు. వెలుపల అగాధమగు కడలి. ఇట్టి వలయమునకు ఆంగ్లమున వాడు ‘అటాల్’ అను మాట ఈ దీవుల భాషయగు ధివేహీనుండి పోయినదే. మన యింట పిల్లలు అష్టాచెమ్మ యాడుకొను గవ్వలకు గూడ నీ దీవులతో సంబంధము గలదు. పూర్వమిచ్చటి గవ్వలు ఓడలపై వంగదేశమునకు వచ్చి నాణెములుగ చెల్లుచుండెడివి.

ఈ దీవులకు మేమును, మావారును, మావారి యక్కగారును, ఆమె భర్తయు నలుగురము పోయితిమి. వదినగారు ఏబదియేండ్లు దాటిన పిమ్మట అండమాను దీవులలో గాలి సిలిండరు వీపున గట్టుకొని సముద్రములో మునుగు విద్య నేర్చినవారు. మేము మాత్రము నీటిపైననే తేలుచు అద్దములోనుండి క్రిందికి జూచి తృప్తిపడువారము. యాత్రికులు 7 రాత్రులు లాంచీలోనే కాపురముండి దినమునకొక తావున దిగుదురు. లాంచీవెంట దోనీ యను చిన్న పడవ యొకటి సిలిండర్లను మోసికొని వచ్చును. మునుగువారు దానినుండియే నీటిలోనికి దుముకుదురు.

లాంచీ యెక్కిన సాయంకాలము మేము మొదట చేసినపని క్రింది యంతస్తులోని పడకగదులు చూచుట. మెట్లు గాక పైకి వచ్చుటకు రెండవ త్రోవ యేదియని యడుగగా, నొక కుఱ్ఱవాడు నడవ చివర కప్పులోనున్న తలుపు జూపెను. దానిని స్వయముగ తెఱచి పైకెక్కి చూచితిమి. తోడి ప్రయాణికులు కొందఱు నవ్విరి. నవ్విన నవ్వనిండు! 2019 సెప్టెంబరు 2వ తేదీని తెల్లవాఱకముందే అమెరికాలోని కాలిఫోర్నియా తీరమున ‘కన్సెప్షన్’ అను నిట్టి లాంచీ దగ్ధమై, క్రింద నిదురించుచున్న 34 మందియు మరణించిరి. రాత్రివేళ తిరిగిచూచు కావలి లేకుండుట ముఖ్యకారణములలో నొకటియని విచారణలో తేలెను. కావున రాత్రి కావలి యెవ్వరిదని గూడ సరంగునడిగితిమి. ఆయన కోపింపక ఆ మనిషిని పిలిచి చూపెను.

మొదటి రెండు దినములును వేడుకగ గడచినవి. నీలిమందు కలిపినట్లున్న నీటిలో రెక్కలార్చుచు పోవు తిరుగలిచేపలను, చిలుకలవంటి రంగుల మీనములను వర్ణింప బూనిన పుటలు చాలవు. మూడవనాటి సాయంకాలము రెండు దిబ్బల నడుమ, ఆ దేశస్థులు ‘కందు’ అను కాలువలో పోవుచుండగా ఇంజను నిలిచిపోయెను. నీటివడి లాంచీని దిబ్బవైపునకు ద్రోయసాగెను. సరంగు కేక వేయగనే దోనీవారు మోకు గట్టి మమ్ములను లాగిరి. అందఱమును లైఫ్ జాకెట్లు తొడిగికొని పైయంతస్తున నొకచో కూర్చుంటిమి. పాస్‌పోర్టులు, మందులు, డబ్బు, ఫోను నీరు చొరని సంచిలో బెట్టి మేము రొండిని గట్టుకొంటిమి. మన ముత్తవలు తీర్థయాత్రలకు పోవునప్పుడు చేసినదియు నిదే గదా. గంట గడచునప్పటికి ఒక నిర్జనదీవి చాటున లంగరు వేసిరి. మఱునాడు మాలేనుండి మరమ్మతువారు వత్తురని చెప్పిరి.

ఆ సందడిలో వదినగారు కుడిభుజమునకు అమృతాంజనము రాచుకొనుచు మూలగ కూర్చుండియుండిరి. భోజనానంతరము జడ వేసికొనుటకు చేయెత్తబోయి, సగములోనే దించివైచిరి. మాకు అనుమానము కలిగెను.

“ఏమి వదినగారూ, చేయి నొచ్చుచున్నదా?”

“ఏమియు లేదమ్మా, సిలిండరు మోసిన బడలిక. ఇప్పటికే అందఱి ప్రాణములు గుప్పిట నున్నవి. మీ అన్నయ్యగారితో ననబోకుము.”

పదిమందికి వడ్డించి, తనకు జ్వరమని యెవ్వరికిని చెప్పక పండుకొను ఇల్లాండ్రను మనమెఱుగుదుము. ఆ యలవాటు సముద్రముమీదికి గూడ వెంట వచ్చినది. నీటిలో మునిగి వచ్చినవారి విషయమున నది ప్రాణాంతకము కావచ్చును. నీటిలో 10 మీటర్లు దిగినకొలది దేహముపై నొక్కొక్క వాతావరణపు ఒత్తిడి హెచ్చును. ఆ యొత్తిడిలో పీల్చిన గాలియందలి నత్రజని రక్తమాంసములలో కరగి నిలుచును. మెల్లగ పైకి వచ్చినచో ఊపిరితో వెడలిపోవును. లేకున్న, గోలీసోడాలో గోలీ నొక్కినప్పుడు లేచునట్లు దేహములోనే బుడగలు లేచును. కీళ్లనొప్పి, తిమ్మిరి, దురద, కారణము తోచని నీరసము దీని గుఱుతులు. కాళ్లు పడిపోవుటయు గలదు. అన్ని నియమములు పాటించినవారికి గూడ నొక్కొక్కప్పుడిది కలుగును. వదినగారి చేతిగడియారపు లెక్కలలో నేలోపమును లేదు. అందుచే సిగ్గుపడవలసిన పనియు లేదు.

ఈ వ్యాధి క్రొత్తది గాదు. న్యూయార్కులో బ్రూక్లిన్ వారధి కట్టునప్పుడు, ఒత్తిడిగాలి నింపిన పెట్టెలలో నదీగర్భమున పనిచేసినవారి కనేకులకిది సోకినది. వారధి యింజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్ 1872లో దీనివలన మంచమెక్కగా, ఆయన భార్య ఎమిలీ నిర్మాణశాస్త్రము నేర్చుకొని, భర్త సూచనలను పనివారి కందించుచు, 1883లో వారధి తెఱచువఱకు పని నడపినది. ఆ యిల్లాలి కథ వేఱుగ వ్రాయదగినది.

వదినగారు మొగమాటపడుచుండగనే మేము మునకలకు మార్గదర్శియగు యువకుని పిలిచితిమి. అతడామెను వెల్లకిల పరుండబెట్టి, ముఖమునకు తొడుగు పెట్టి శుద్ధమగు ప్రాణవాయువు నియ్యసాగెను. ఎన్ని మునకలు, ఎంత లోతు, నొప్పి యెప్పుడు మొదలైనది యను సంగతులన్నియు కాగితముమీద వ్రాసికొని, ఫోనులో వైద్యునికి జదివి వినిపించెను. గంటకు నొప్పి తగ్గెను. “ఇక తీసివేయుడు” అని వదినగారనిరి. “ప్రాణవాయువుతో తగ్గిన నొప్పి బడలిక నొప్పి కాదమ్మా,” అని యతడు తీయనీయలేదు. వైద్యుడును వెంటనే తీసికొని రమ్మనెను.

తీసికొని పోవుటకున్నది దోనీ యొక్కటే. ఇంజను లేని లాంచీని విడిచి అది పోయినచో మా గతియేమని ఇద్దఱు ప్రయాణికులు గొణిగిరి. వారి భయము తప్పనలేము. సరంగు లంగరును మఱల పరీక్షించి, రెండవ లంగరు గూడ వేయించి, రేడియోలో సమీపపు లాంచీనొకదానిని పిలిచి, అది వచ్చుచున్న మాట అందఱకు వినిపించి, అప్పుడు దోనీని పంపెను. జర్మనీదేశపు వృద్ధురాలొకతె తన యున్ని శాలువ తెచ్చి వదినగారిపై కప్పినది. మేమామె ప్రక్కనే కూర్చుండి, సిలిండరు ముల్లు ఎంత దిగినదో చూచుచు పోతిమి. దగ్గఱనున్న యూరు చేరి, అచ్చటినుండి వేగముగల పడవలో తెల్లవాఱునప్పటికి మాలే సమీపమునందలి వైద్యశాల చేరితిమి.

అచ్చటి ఒత్తిడిగది పెద్ద ఇనుప పీపా వలె నున్నది. రోగిని లోపలనుంచి, 18 మీటర్ల లోతుననుండునంత ఒత్తిడి కలిగించి, ప్రాణవాయువు పీల్పించుచు మెల్లమెల్లగ తగ్గింతురు. సుమారు 5 గంటలు పట్టినది. గుండ్రని గాజుకిటికీలోనుండి మేము చూచుచుంటిమి. అన్నయ్యగారు కిటికీ విడిచి కదలలేదు. మధ్యాహ్నము తలుపు తెఱవగనే వదినగారు బయటికి వచ్చి, మాటాడక, రెండుచేతులెత్తి కొప్పు ముడిచికొనిరి. మఱునాడు మఱియొకమాఱు ఆ గదిలో నుంచిరి.

విమానములో గాలి యొత్తిడి తక్కువ గనుక మిగిలిన బుడగలు పెద్దవి కాగలవు. ఆరోగ్యవంతులే మునకల తరువాత 18 గంటలైన ఆగవలెను. వదినగారిని వైద్యుడు మఱికొన్ని దినములు నిలిపెను. ఖర్చులకు మాత్రము దిగులు లేకపోయెను: సాధారణ ప్రయాణ బీమా పలుమాఱులు ఇట్టి మునకలకు వర్తింపదని కుమారుడు పట్టుపట్టి, మునుగువారికని ప్రత్యేకముగనున్న బీమా ముందే కట్టించియుండెను. లాంచీ యాత్ర చెడినందుకు దాని యజమానులు తొలుత సగము సొమ్మైన నియ్యమనిరి. ఇంజను నిలిచిన వేళ, లంగరు వేసిన తావు, సరంగు చేవ్రాలు, రసీదులు వరుసగ పంపిన పిమ్మట మెత్తబడి, మిగిలిన దినముల సొమ్ము తిరిగి యిచ్చిరి.

నిలిచిన దినములలో మాలేలోని ప్రాచీనమగు శుక్రవారపు మసీదు చూచితిమి. అది 1658లో కట్టబడినది. గోడలన్నియు చెక్కిన పగడపు రాళ్లే. ఉదయమున కొబ్బరికోరు, పలుచని రొట్టె, నల్లని తేనీరు మా యాహారము. చేపలేని వంటకము కావలెనన్న మమ్ము హోటలువారు జాలితో చూచెడివారు.

తుదిపరీక్షనాడు వైద్యుడిక ఇంటికి పోవచ్చుననెను. “మరల నీటిలో మునుగుట యెన్నడు?” అని వదినగారడిగిరి. కొన్ని వారములు గడచిన పిదప మఱల పరీక్ష చేయించుకొని రండని ఆయన చెప్పెను. అన్నయ్యగారు కిటికీవైపు ముఖము త్రిప్పుకొనిరి. వదినగారు ఆ తేదీని పుస్తకములో వ్రాసికొనిరి.