కొలతకెక్కని వేగము

కూల్ పాపా బెల్ అను బేసుబాల్ ఆటకాని గూర్చి అమెరికాలో చెప్పుకొను కథలలో మిక్కిలి ప్రసిద్ధమైన దొకటి కలదు. రాత్రివేళ అతడు గదిలోని దీపపు మీట నొక్కి, గది చీకటి కాకమునుపే పడక చేరి దుప్పటి కప్పుకొనెడివాడట. ఈ మాట చెప్పినవాడు అతని తోడి ఆటకాడును, బంతి విసరుటలో మేటియునగు సాచెల్ పేజ్. మరియొక కథ యేమనగా, బెల్ కొట్టిన బంతి నేరుగా పోయి, అప్పటికే రెండవ బేసులోనికి జారుచున్న బెల్‌కే తగిలినదట. మేము బడిలో అతిశయోక్త్యలంకారము చెప్పునపుడు సౌధాగ్రములు చంద్రమండలము నొరయుటను ఎన్నియో యేండ్లు ఉదాహరించితిమి. పిల్లలు ఆవులించుచుండిరి. ఈ దీపము కథ దొరకిన పిమ్మట లక్షణము వేరుగ చెప్పవలసిన పని లేకపోయినది. అయినను ఆలోచించిన కొలదియు మాకు నవ్వుకంటె వేరొక సంగతియే మనస్సున నాటుకొనినది. ఒక మనుష్యుని వేగమును గూర్చి యిన్ని కథలు పుట్టుటకు, ఆ వేగమును కొలిచి వ్రాసినవారు లేకపోవుటయే ముఖ్యకారణము.

మనలో క్రికెట్టు నెరిగినవారే కాని బేసుబాల్ నెరిగినవారు కొలదిమంది. నలుచదరముగా నాలుగు బేసులు, ఒకదానికొకటి 90 అడుగుల దూరమున నుండును. బంతిని కొట్టినవాడు మూడింటిని తాకి బయలుదేరిన చోటికి మరలి వచ్చినచో ఒక పరుగు. ఒక బేసుపై నిలిచినవాడు, బంతి విసరువాడు చేయి కదల్చినంతనే, కొట్టువాని దెబ్బతో పనిలేక తరువాతి బేసునకు పరుగిడవచ్చును. దీనిని వారు ‘దొంగిలించుట’ యందురు. బంతి 60 అడుగుల 6 అంగుళములు పోయి, కొట్టువాని వెనుక కూర్చున్నవాని చేతబడి, అచటనుండి రెండవ బేసునకు మరల 127 అడుగులు రావలెను. ఆ మూడు నాలుగు సెకండ్లలోనే దొంగ తన పని ముగించుకొనవలెను. అందరి యెదుట, నియమము తప్పక చేయు దొంగతనము లోకమున నిదియొక్కటే కాబోలు! ఇక వెలుపలి మైదానమున ముగ్గురు కాపుందురు. అందు నడిమివాడు అన్నిటికంటె ఎక్కువ నేల కాయవలెను. బెల్ నిలిచినది ఆ నడిమి చోటనే. తలపైగా పోవు బంతిని వెనుకకు పరుగెత్తి పట్టగలనను ధైర్యముచే, ఇతరులకంటె ముందునకు వచ్చి నిలిచెడివాడట.

జేమ్స్ బెల్ 1903లో మిసిసిపీ రాష్ట్రమున స్టార్క్‌విల్ ప్రాంతమున నీగ్రో కుటుంబములో జన్మించెను. 1920లో అన్నలున్న సెయింట్ లూయిస్ నగరమునకు వచ్చి, మాంసము సిద్ధపరచు కార్ఖానాలో పనిచేయుచు ఆడుచుండెను. 1922లో సెయింట్ లూయిస్ స్టార్స్ జట్టున ఎడమచేతితో బంతి విసరువాడుగా చేరెను. పెద్ద గుంపుల యెదుట ఏ మాత్రమును తొట్రుపడకుండుటచే తోడివారు ‘కూల్’ అనిరి. పేరు చిన్నదైనదని జట్టు నాయకుడు ‘పాపా’ చేర్చెను. మన యిండ్లలో పాప యనగా పసిబిడ్డ. వారి భాషలో తండ్రి. ఇరువది యేండ్లైన నిండని కుఱ్ఱవానికి తండ్రి యను పేరు! తరువాత అతడు విసరుట మాని నడిమి మైదానమునకు మారెను. ఎడమవైపునుండి కొట్టినచో మొదటి బేసు ఒక అడుగో రెండడుగులో దగ్గరయగును గనుక, ఆ వైపునుండియు కొట్టుట నేర్చెను.

అతని నగరముననే తెల్లవారి ప్రధానసంఘములకు చేరిన జట్లు రెండుండెను. అందు బెల్‌కు చోటు లేదు. 1884 తరువాత 1947 వరకు ఆ సంఘములలో ఒక్క నల్లవాడైనను ఆడలేదు. విచిత్రమేమనగా, నల్లవారిని చేర్చుకొనరాదని ప్రధానసంఘముల నియమావళిలో ఎచ్చటను వ్రాసియుండలేదు. పెద్దమనుష్యులు తమలో తాము అనుకొనిన మాట యది. మాకిది క్రొత్తగా తోచలేదు. మన యూళ్లలో ఫలానావారు ఫలానా బావిలో చేద వేయరాదని ఏ రాతిమీద చెక్కిరి? అయినను వేసినవారు లేకుండిరి. సెయింట్ లూయిస్ ఆటస్థలములో చూడవచ్చిన నల్లవారిని సైతము 1944 వరకు ఒక మూలనే కూర్చుండబెట్టుచుండిరి.

రూబ్ ఫాస్టర్ అను నల్లజాతి ప్రముఖుడు 1920లో తమవారికొరకు ప్రత్యేకముగా ఒక సంఘమును స్థాపించెను. అందు స్టార్స్ జట్టు 1928, 1930, 1931 సంవత్సరములలో గెలుపొందెను. పిమ్మట ఆ సంఘము చితికిపోగా, బెల్ పిట్స్‌బర్గ్ క్రాఫర్డ్స్‌లోను, డొమినికన్ రిపబ్లిక్‌లోను, మెక్సికోలోను, తిరిగి వచ్చి హోమ్‌స్టెడ్ గ్రేస్‌లోను ఆడెను. స్వదేశమున ఊరూరికి బస్సులో పోయి, పూటకూళ్లవారు రానీయని చోట ఆ బస్సులోనే తిని, అందే నిద్రించిన దినములు వారికి లెక్కలేదు.

లెక్క యనగా జ్ఞాపకము వచ్చినది. నల్లవారి జట్లు బీదవి. వారి ఆటలను తెల్లవారి పత్రికలు ప్రకటింపవయ్యెను. సంఘపు పోటీలు కాక పల్లెజట్లతో ఆడిన ఆటలు వందలు. వానిని వ్రాసినవా రెవరు? 1933లో రమారమి 200 ఆటలలో 175 బేసులు దొంగిలించితినని బెల్ చెప్పుకొనుచుండెను. కాదనుటకును ఔననుటకును కాగితము లేదు. ఒకనాటి ఆటలో తాను అయిదుమార్లు బంతిని కొట్టి, అయిదు బేసులు దొంగిలించితిననియు, ఆనాడు లెక్కల పుస్తకము తెచ్చుట మరచినందున ఒక్కటియు వ్రాయబడలేదనియు అతడే చెప్పెను. హాజరుపట్టీ వ్రాయు వృత్తిలో నున్న మాకు ఈ మాట మిగిలిన కథలన్నిటికంటె బాధాకరముగ నున్నది. వచ్చి కూర్చున్న పిల్లవానిని రాలేదని వ్రాయుట యొక తప్పు. పట్టీలో అసలు పేరే యెక్కింపకుండుట మరియొక తప్పు. రెండవదానిని ఏ పరీక్షాధికారియు పట్టుకొనజాలడు.

కథలను విని ఆనందించుటకు ఖర్చేమియు లేదు. బెల్‌ను మెచ్చుకొనిన తెల్లవారు చాలమంది యుండిరి. ఆటల కాలము ముగిసినపిదప వారి జట్లును వీరి జట్లును ప్రదర్శనములుగా తలపడుచునేయుండెను. 1948లో అట్టి ఆటయందు, 45 యేండ్ల ప్రాయమున, మెల్లగా తట్టిన బంతి బేసుల నడుమనే దొర్లుచుండగా అతడు మొదటి బేసునుండి ఏకధాటిగా ఇల్లు చేరెనందురు. అందరును చప్పట్లు కొట్టిరి. మెప్పు వేరు, జీతపుపట్టీలో పేరు వేరు.

దీపము కథకు మూలమేదియని చదువరులు అడుగవచ్చును. అదియు బెల్ తరువాత తానే బయటపెట్టెను. ఒక విడిదిలో మీట చెడి, నొక్కిన కొంత తడవునకు గాని దీపము ఆరకుండెను. అతడు దానిని కనిపెట్టి పేజ్‌తో పందెము వేసి, మీట నొక్కి, తాపీగా పడక చేరెను. పేజ్ బ్రతికినన్నాళ్లును తీగెల సంగతి విడిచి తక్కినదంతయు నిజమే చెప్పెను!

1947లో జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ జట్టున ప్రవేశించునాటికి బెల్‌కు 44వ యేడు నడుచుచుండెను. అంతకు ముందటి యేట మాంటీ ఇర్విన్ అను యువకునితో కొట్టువారి మొదటి స్థానమునకు పోటీ కలిగినది. ప్రధానసంఘములవారి కన్ను ఆ యువకునిపై బడవచ్చునని తలంచి, తాను కొన్ని ఆటలు మానుకొని ఆ స్థానము అతనికి విడిచితినని బెల్ చెప్పెను. తన పనులలో సగము వ్రాతకెక్కని మనుష్యుడు, వ్రాతకెక్కనున్న ఒక పంక్తిని పరునికి దానము చేసెనన్నమాట. ఇర్విన్ 1949లో న్యూయార్క్ జయింట్స్‌లో చేరెను. 1951లో సెయింట్ లూయిస్ బ్రౌన్స్‌వారు బెల్‌ను పిలిచిరి. 48 యేండ్ల వయస్సున కాళ్లు పోయినవని అతడు పోలేదు. ఆ నగరపు పురపాలక భవనమున ఊడ్చువాడుగను, రాత్రి కావలివాడుగను సుమారు ఇరువదియేండ్లు పనిచేసెను.

కూపర్స్‌టౌన్‌లోని కీర్తిమందిరమున ఇర్విన్‌ను 1973లోను, బెల్‌ను 1974లోను చేర్చిరి. 1991లో బెల్ మరణించెను. 1920 మొదలు 1948 వరకు నడచిన నల్లవారి సంఘములును ప్రధానసంఘములేయని 2020 డిసెంబరులో ప్రకటించి, 2024లో వారి లెక్కలను తక్కినవారి లెక్కలతో కలిపిరి. పాత పత్రికలు వెదకి, దొరకిన ప్రతి పరుగును ఎక్కించిరి. పుస్తకము మరచిన నాటి అయిదు బేసులు మాత్రము అందు లేవు.