సూర్యాపేటకు రైలు, వెర్షన్ 1.8.9

సూర్యాపేటకు రైలు లేదు. కోదాడకూ లేదు. రైలెక్కాలంటే మిర్యాలగూడకో, నల్లగొండకో, ఖమ్మానికో పోవాల్సిందే. మా వైపు వాళ్ళకి ఇదేం కొత్త సంగతి కాదు. కానీ 2020లో నేనూ, మా అన్నా కలిసి మిర్యాలగూడ నుంచి సూర్యాపేట మీదుగా కోదాడ దాకా రైలు మార్గం వేశాం. మైన్‌క్రాఫ్ట్‌లో.

అన్న అంటే మా పెదనాన్న కొడుకు. నాకంటే రెండేళ్ళు పెద్ద. ఆ మార్చిలో బడులు మూసేస్తే నాలుగు రోజులు ఉండొద్దామని మిర్యాలగూడలో నాయనమ్మ ఇంటికి పోయాను. లాక్‌డౌన్ పడింది. ఏప్రిల్‌లో సూర్యాపేట కూరగాయల మార్కెట్ చుట్టూ కరోనా కేసులు వరసగా బయటపడ్డాయి. నాన్న ఫోన్ చేసి "ఆడనే ఉండు, రాకు" అన్నాడు. అట్లా రెండు నెలలు ఉండిపోయాను.

ఇంట్లో ఒకటే లాప్‌టాప్, అది అన్నది. గంట వాడు, గంట నేను. ముందు నాయనమ్మ ఇల్లు కట్టాం. తర్వాత ఊరికి గుర్తుగా ఒక రైస్ మిల్లు. ఆ తర్వాత నాకు మా ఊరు గుర్తొచ్చి సూర్యాపేట బస్టాండ్ కట్టాను. అన్న వాళ్ళ అమ్మమ్మగారి ఊరని కోదాడ కట్టాడు. మూడింటినీ కలపాలి కదా, అందుకే రైలు. ఆరు బంగారు కడ్డీలు, ఒక కర్ర, కొంచెం రెడ్‌స్టోన్ ఇస్తే ఆరు పవర్ పట్టాలు వస్తాయి. ఆ బంగారం కోసం రాత్రిళ్ళు గనులు తవ్వేవాళ్ళం.

నాయనమ్మ మా వెనకాల మంచం మీద కూర్చొని చూసేది. ఒకరోజు "ఇల్లు కడితిరి మంచిగనే ఉంది. బాయి ఏదిరా? నీళ్ళు లేని ఇల్లు ఇల్లేనా?" అంది. ఆ రోజే పెరట్లో బావి తవ్వాం.

అన్న గేమ్‌ని అప్‌డేట్ చెయ్యనిచ్చేవాడు కాదు. మాది 1.8.9, అంటే 2015 చివర్లో వచ్చిన వెర్షన్. 2016లో వచ్చిన 1.9 నుంచి కత్తి ఒకసారి తిప్పాక కాసేపు ఆగాలి, లేకపోతే దెబ్బలో బలం ఉండదు. అది నచ్చక ప్రపంచమంతా చాలామంది 1.8 దగ్గరే ఆగిపోయారు. మైన్‌క్రాఫ్ట్ లాంచర్‌లో చాలా పాత వెర్షన్లు జాబితాగా ఉంటాయి, 2009 నాటివి కూడా. ఏది కావాలంటే అది ఎంచుకోవచ్చు.

మా హాస్టల్లో ఇలాంటి వాళ్ళు ఇంకో రకం ఉన్నారు, జీటీఏ శాన్ ఆండ్రియాస్ వాళ్ళు. ఆ గేమ్ కంప్యూటర్‌కి 2005లో వచ్చింది. చాలా మోడ్‌లు మొదటి వెర్షన్ 1.0కే రాశారు కాబట్టి కొత్తది కొన్నవాళ్ళు కూడా దాన్ని 1.0కి దించుకుంటారు. 2014లో వచ్చిన అప్‌డేట్‌లో లైసెన్స్ గడువు తీరిన పాటలు కొన్ని రేడియోలోంచి తీసేశారు. పాటల కోసం వెనక్కి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. 2021లో కొత్త హంగులతో మళ్ళీ విడుదల చేసి, పాతవి అమ్మకంలోంచి తీసేస్తే జనం గోల చేశారు. కంపెనీ క్షమాపణ చెప్పి పాతవి మళ్ళీ పెట్టింది. అంటే పాతది కావాలనుకోవడం నా ఒక్కడి పిచ్చి కాదు.

మే చివర్లో ఇంటికి వస్తూ మా ప్రపంచం ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకొని వచ్చాను. 2022లో నాయనమ్మ పోయింది. మరుసటి ఏడాది మిర్యాలగూడ ఇల్లు అమ్మారు. అమ్మిన డబ్బు దగ్గర నాన్నకీ, పెదనాన్నకీ మాట తేడా వచ్చింది. పెదనాన్న వాళ్ళు కోదాడకు మారిపోయారు. పెద్దవాళ్ళు మాట్లాడుకోకపోతే మేం మాత్రం ఎట్లా మాట్లాడుకుంటాం? ఎవరూ వద్దనలేదు. ఫోన్ మాత్రం చెయ్యలేదు, నేనూ, వాడూ.

మొన్న సంక్రాంతి సెలవుల్లో పాత పెన్‌డ్రైవ్ దొరికింది. ఫోల్డర్‌ని నా లాప్‌టాప్‌లో వేసి, అప్పటికి ఉన్న కొత్త వెర్షన్‌లోనే తెరిచాను. కాపీ తీసుకోలేదు. పైగా పెన్‌డ్రైవ్‌లో ఉన్నదాన్ని కాపీ కాకుండా కట్ చేసి తెచ్చాను. రెండేళ్ళుగా కంప్యూటర్ సైన్స్ చదువుతున్నవాడు చేసే పనేనా ఇది!

తెరుచుకుంది. ఇల్లు ఉంది, మిల్లు ఉంది, బావి ఉంది. రైలెక్కి సూర్యాపేట దాకా పోయాను. కోదాడ వైపు పోబుద్ధి కాలేదు. అయితే ఏదో తేడా కొడుతోంది. 2019 వెర్షన్ నుంచి రాళ్ళ, చెక్కల బొమ్మలన్నీ మార్చేశారు. నాయనమ్మ ఇంటి గోడ వేరే రంగులో ఉంది, ఎవరో కొనుక్కొని సున్నం వేసినట్టు. మిర్యాలగూడ అసలు ఇంటికి కూడా అదే జరిగిందని తర్వాత గుర్తొచ్చింది. అప్పుడు మాత్రం ఒకటే అనుకున్నాను, 1.8.9కి వెళ్తే సరిపోతుంది కదా అని.

లాంచర్‌లో పాత వెర్షన్ ఎంచుకోవడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. తెరిచాను. ఇల్లు లేదు. మిల్లు లేదు. ఎప్పుడూ చూడని కొండ, దాని మీద నాలుగు చెట్లు.

తర్వాత చదివితే అర్థమైంది. గేమ్ వేరు, ప్రపంచం వేరు. గేమ్ ప్రోగ్రామ్. ప్రపంచం డేటా. ఆ డేటా 16 బై 16 ముక్కలుగా ఉంటుంది, ఒక్కో ముక్కని చంక్ అంటారు. కొత్త వెర్షన్‌లో మనం ఒక చోటికి పోగానే అక్కడి చంక్‌లని కొత్త పద్ధతిలోకి మార్చి రాసేస్తుంది. 2018లో ఇటుకల నంబర్లు పోయి పేర్లు వచ్చాయి, 2021లో భూమి లోతే పెరిగింది. పాత గేమ్‌కి ఆ రాత చదవడం రాదు. చదవలేని చంక్‌ని ఖాళీ అనుకుంటుంది, దాని మీద కొత్త నేల పోస్తుంది, సేవ్ చేస్తుంది. ఇల్లు పోయింది అప్‌డేట్ వల్ల కాదు. కంగారుపడి వెనక్కి వెళ్ళడం వల్ల. మా డేటాబేస్ క్లాసులో స్కీమా మార్చేముందు బ్యాకప్ అని ఎన్నిసార్లు విన్నానో!

అయినా ఆశ చావక సూర్యాపేట ఉండాల్సిన వైపు నడిచాను. అదీ లేదు. ఇంకా తూర్పుకి పోతే ఒక చోట కొండ కత్తితో కోసినట్టు నిలువునా ఆగిపోయింది. దాని అవతల పట్టాలు. నేను కొత్త వెర్షన్‌లో అటు పోలేదు కాబట్టి అక్కడి చంక్‌లు మారలేదు. పట్టాల వెంబడి అయిదారు నిమిషాలు నడిస్తే కోదాడ స్టేషన్ వచ్చింది. మొత్తం అట్లాగే ఉంది, దీపాలతో సహా. అన్న కట్టింది ఒక్కటే మిగిలింది.

చాలాసేపు ఆ స్టేషన్లోనే నిలబడ్డాను. తర్వాత ఫోన్ తీశాను.

"ఏంరా" అన్నాడు, నిన్ననే మాట్లాడినట్టు. జరిగింది చెప్పాను. తిడతాడనుకున్నా. "కట్ చేసి తెచ్చినవా? నువ్వు ఇంజనీరింగే చదువుతున్నవా?" అని నవ్వాడు. "ఆ లాప్‌టాప్ పోయింది. కానీ ఫోల్డర్ నాతాన ఉంది. వచ్చి తీస్కపో."

మెయిల్‌లో పంపమని అడగొచ్చు. నేను అడగలేదు, వాడూ అనలేదు. మరుసటి రోజు పొద్దున బస్సెక్కాను. మునగాల మీదుగా హైవే మీద గంట ప్రయాణం, అంతే. ఇన్నాళ్ళు ఆ గంటే పోలేకపోయాం.

పెద్దమ్మ తలుపు తీసి, ఒక్క క్షణం చూసి, "బక్కగైనవ్" అంటూ లోపలికి తీసుకుపోయి అన్నం పెట్టింది. పెదనాన్న వచ్చి నా చదువు గురించి అడిగాడు. నాన్న గురించి అడగలేదు.

అన్న ముందు ఫోల్డర్‌కి రెండు కాపీలు తీసి, తర్వాత 1.8.9లో తెరిచాడు. ఇల్లు, మిల్లు, సూర్యాపేట, అన్నీ పాత రంగుల్లో. పెరట్లోకి పోతే బావి పక్కన నాకు తెలియని ఒక చెక్క బోర్డు ఉంది. దాని మీద ఇంగ్లిష్ అక్షరాల్లో "నాయనమ్మ బాయి" అని రాసి ఉంది.

"ఎప్పుడు పెట్టినవ్?" అన్నాను.

అన్న ఏం చెప్పలేదు. బయటికి వచ్చి ప్రపంచాల జాబితా చూపించాడు. తెరవని కాపీ దగ్గర చివరిసారి ఆడిన తేదీ 2022లో ఉంది. నాయనమ్మ దశదిన కర్మ అయిన నాలుగో రోజు. ఆ తర్వాత వాడు మళ్ళీ తెరవలేదు.

సాయంత్రం దాకా ఆడాం. గంట వాడు, గంట నేను. కొత్తగా ఏమీ కట్టలేదు, రైల్లో అటూ ఇటూ తిరిగాం.

రాత్రి ఇంటికి వచ్చేసరికి నాన్న టీవీ చూస్తున్నాడు. "యాడికి పోయినవ్?" అన్నాడు.

"కోదాడకు."

టీవీ సౌండ్ తగ్గించాడు. కాసేపు ఆగి, "అన్న మంచిగున్నడా?" అన్నాడు.

ఏ అన్న అని నేను అడగలేదు. "మంచిగున్నడు నాన్నా" అన్నాను.