లివర్ వదిలితే ఆగాలి

ఓవర్‌హెడ్ క్రేన్ నడపవచ్చిన వారికి తొలినాడే చెప్పే పాఠం ఒకటుంది: లివర్ వదిలితే కదలిక ఆగాలి. ఈ చిన్న సూత్రాన్ని కంప్యూటరుకు నేర్పబోయి మేమే నేర్చుకున్న వైనమిది.

శిక్షణకు వచ్చే యువకులు బరువెత్తే అభ్యాసాన్ని తెరపై చేసేందుకు ఒక ప్రోగ్రాం రాయాలని మా విభాగంలో ముగ్గురం పూనుకున్నాము. పైథాన్ భాష, పైగేమ్ లైబ్రరీ, బజారులో కొన్న జాయ్‌స్టిక్ - ఇవే మా సరంజామా. 2000లో వెలువడిన పైగేమ్‌కు, 1998లో శామ్ లాంటింగా విడుదల చేసిన ఎస్‌డీఎల్ లైబ్రరీ ఆధారం. జాయ్‌స్టిక్ కదిలినప్పుడల్లా లైబ్రరీ ఒక ‘ఈవెంట్’ను, అనగా ఒక కబురును, వరుసలో ఉంచుతుంది. ఏ అక్షం ఎంతవరకు కదిలిందో అందులో ఉంటుంది. ఎస్‌డీఎల్ ఆ స్థానాన్ని -32768 నుండి 32767 వరకు లెక్కిస్తుంది. పైగేమ్ దానినే -1కీ 1కీ మధ్య దశాంశంగా అందిస్తుంది.

మొదట, కబురు వచ్చినప్పుడే హుక్కును జరిపాము. లివర్‌ను ఒకేచోట పట్టి ఉంచితే మార్పు లేదు. మార్పు లేనిదే కబురు లేదు. హుక్కు నడిమధ్య నిలిచిపోయింది. వచ్చిన విలువను దాచుకొని, తెరపై బొమ్మ మారిన ప్రతిసారీ ఆ వేగంతో జరపాలని అప్పుడు తెలిసింది.

రెండవ పొరపాటు పెద్దది. పదవీ విరమణ చేసిన క్రేన్ ఆపరేటరు గారొకరిని పరీక్షించమని పిలిచాము. ఆయన చేతులు ఒడిలో పెట్టుకొని తెరవంక చూసి, “ఏం బాబూ, ముట్టుకోకుండానే పోతోందే మీ హుక్కు! దీనికి అలవాటుపడిన పిల్లలు నిజం క్రేన్ ఎక్కాక కూడా లివర్‌ను కాస్త ఎదురు పట్టే ఉంచుతారు. కింద మనుషులుంటారు” అన్నారు.

ఆ జరుగుడు మేము ముందే చూశాము. స్వల్పమే కదా అని ఉపేక్షించాము. సిగ్గుపడ్డాము.

స్ప్రింగు లివర్‌ను ఎప్పుడూ సరిగ్గా సున్నాకు చేర్చదు, మాది 0.06 దగ్గర ఆగుతోంది. అందుచేత ఇరువైపులా 0.1 లోపలి విలువలన్నింటినీ సున్నాగా తీసుకున్నాము. దీనినే డెడ్ జోన్ అంటారు. అయితే 0.1 దాటగానే హుక్కు ఉలిక్కిపడసాగింది. విలువలోనుండి 0.1 తీసివేసి, మిగిలినదానిని 0.9తో భాగిస్తే కదలిక మెల్లగా సున్నా నుండే మొదలైంది. జాయ్‌స్టిక్ తీగ ఊడిందన్న ఈవెంట్ రాగానే వేగాలన్నీ సున్నా అయ్యేటట్లు కూడా ఏర్పాటు చేశాము.

ఆపరేటరు గారు మళ్లీ వచ్చారు. చేతులు ఒడిలోనే ఉంచుకొని, కదలని హుక్కును చాలాసేపు చూశారు. “ఇక నేర్పండి” అన్నారు.