గూడ్సుకి దారివ్వండి

బొర్రా గుహలు స్టేషన్లో కూర్చున్నాం. మా బండి ఇంకా రాలేదు. ముందు కొండ లోపల్నించి ఏదో ఉరుము లాంటి శబ్దం. కాసేపటికి సొరంగం నోట్లో ఓ దీపం. ఆ వెనకే ఇంజన్లు, వాటి వెనక ఎర్రటి దుమ్ము పట్టిన వ్యాగన్లు. చిన్నప్పటి అలవాటు కదా, లెక్కపెట్టడం మొదలెట్టా. నలభై దాటాక లెక్క తప్పింది. గూడ్సు మాత్రం తగ్గేదే లేదన్నట్టు వస్తూనే ఉంది.

బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం విశాఖ రేవుకి, అక్కణ్నించి జపాన్‌కి చేరాలని 1960లలో వేసిన లైను ఇది. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 58 సొరంగాలు. నిండు బండి దిగేది పల్లానికే. ఆ బరువుని లాగడం కన్నా ఆపుకుంటూ దించడమే అసలు కష్టం. సంసారం కూడా అంతేనేమో!

అరకు వెళ్తూ సొరంగం రాగానే "ఓ..." అని అరిచి, ఈ లైను మనకోసమే వేశారనుకుంటాం. దారి గూడ్సుది. మనం చుట్టపుచూపుగా వచ్చినవాళ్లం.

మీరెప్పుడైనా చివరి వ్యాగన్ దాకా లెక్క తప్పకుండా లెక్కపెట్టారా?